పరాయి దేశంలో టెన్నిస్ కోచ్‌గా

జర్మనీలోని మ్యూనిక్ శివార్లలో ఒక టెన్నిస్ క్లబ్బులో కోచ్‌గా పనిచేస్తున్న నాకు, ఈ వృత్తిలో వలస వచ్చిన మనిషి ఎంత ఎత్తుకు ఎదగగలడో చూపే ఉదాహరణ పక్క ఊళ్లోనే దొరికింది. నగరానికి ఉత్తరాన ఉన్న ఓబర్‌ష్లైస్‌హైమ్‌లో అకాడమీ నడిపిన నికీ పిలిచ్ పేరు ఇక్కడి పాతతరం ఆటగాళ్ల మాటల్లో తరచుగా వినిపిస్తుంది.

ఆయన 1939లో ఇప్పటి క్రొయేషియాలోని స్ప్లిట్ నగరంలో పుట్టి, అప్పటి యుగోస్లావియా తరఫున ఆడిన ఎడమచేతివాటం ఆటగాడు. 1970లో యూఎస్ ఓపెన్ డబుల్స్ గెలిచారు, 1973లో ఫ్రెంచ్ ఓపెన్ సింగిల్స్ ఫైనల్ దాకా వెళ్లారు. అదే ఏడాది, దేశాల జట్ల మధ్య జరిగే డేవిస్ కప్‌లో ఆడలేదన్న కారణంతో సొంత దేశపు సమాఖ్య ఆయనపై నిషేధం విధించడంతో వింబుల్డన్ తలుపులు మూసుకుపోయాయి. దానికి నిరసనగా 81 మంది ఆటగాళ్లు ఆ వింబుల్డన్‌నే బహిష్కరించారు. ఆ తరువాతి కాలంలో జర్మనీ ఆయనను తన డేవిస్ కప్ జట్టుకు సారథిగా పెట్టుకుంది; 1988, 1989, 1993 సంవత్సరాల్లో ఆ జట్టు కప్పు గెలిచింది. 2005లో ఆయన సారథ్యంలో క్రొయేషియా కూడా గెలిచింది. జర్మనీ మేటి ఆటగాడు బోరిస్ బెకర్ వంటివాడికి కోర్టు పక్కన కూర్చుని సలహా చెప్పవలసిన కుర్చీలో జర్మనీలో పుట్టని మనిషి కూర్చున్నాడన్న సంగతి నాకు ఈనాటికీ గొప్పగానే అనిపిస్తుంది.

14 ఏళ్లు నిండని పిల్లలను చేర్చుకోకూడదన్న తన నియమాన్ని సడలించి, తరువాత ప్రపంచ నంబర్ వన్ అయిన నొవాక్ జోకోవిచ్‌ను పన్నెండేళ్లకే ఆయన తన అకాడమీలో చేర్చుకున్నారు. చెప్పిన సమయానికి ముందే వచ్చి ఒళ్లు వేడెక్కించుకునే ఆ పిల్లవాడి శ్రద్ధను గమనించగలిగిన చూపే శిక్షకుడి అసలు విద్య అని నా అభిప్రాయం. ఆడే రోజుల్లో మన దృష్టంతా మన బంతి మీదా, మన పాయింటు మీదా ఉంటుంది. శిక్షకుడు మాత్రం బంతిని వదిలేసి పిల్లవాడి పాదాలు ఎటు కదులుతున్నాయో, దెబ్బకు ముందు భుజం ఎంత తిరిగిందో, రాకెట్ మీద పట్టు ఎక్కడ బిగుసుకుందో చూడాలి. ఈ చూపు అలవడడానికి నాకు ఆట నేర్చుకున్నంత కాలమూ పట్టింది.

నేను జర్మనీకి వచ్చింది ఆడడానికే. 15 వేల డాలర్ల అంతర్జాతీయ టోర్నీలో మెయిన్ డ్రా (అసలు పోటీ) మొదటి రౌండులో ఓడితే చేతికి వచ్చేది 156 డాలర్లు, విజేతకు దక్కేది 2,160 డాలర్లు. విమాన ఛార్జీలు, హోటలు గది, రాకెట్ స్ట్రింగుల ఖర్చు అన్నీ అందులోంచే రావాలి. అందుకే నాలాంటి ఆటగాళ్లు వేసవిలో జర్మన్ క్లబ్బుల లీగు పోటీలకు వస్తారు. మ్యాచ్‌కు ఇంతని క్లబ్బు ఇచ్చే డబ్బుతో మిగతా ఏడాది ప్రయాణాలు సాగుతాయి. ర్యాంకు ముందుకు కదలని దశలో అలాంటి క్లబ్బు ఒకటి నన్ను కోచ్‌గా ఉండమని అడిగింది. ఉద్యోగం ఇస్తామన్నంత మాత్రాన సరిపోదు. విదేశీ శిక్షకుడికి ఆ అర్హత ఉందని జాతీయ క్రీడా సమాఖ్య ధ్రువీకరించాలి, జీతం ప్రభుత్వం నిర్ణయించిన స్థాయికి తగ్గకూడదు. ఆ కాగితాలు చేతికి వచ్చేదాకా నిద్ర సరిగా పట్టలేదు.

ఇక్కడి ఎర్రమట్టి కోర్టు నాకు చాలా నేర్పింది. మన దేశపు క్లబ్బుల్లో కోర్టును తడపడం, చదును చేయడం మార్కర్ల పని; జీతానికి సభ్యులతో ఆడే క్లబ్బు సిబ్బందిని అలా పిలుస్తారు. సభ్యులు రాకెట్ సర్దుకుని వెళ్లిపోతారు. ఇక్కడ ఆట ముగిశాక సర్జన్ అయినా, స్కూలు పిల్లవాడైనా, పెద్ద వలను తానే లాగుతూ బయటి అంచు నుంచి లోపలికి వలయాలుగా నడిచి కోర్టును చదును చేస్తాడు, ఆపైన చీపురుతో తెల్లగీతలు ఊడుస్తాడు. హైదరాబాదులో నాతో గంటల తరబడి ఆడి నా ఆటను నిలబెట్టిన మార్కర్లకు దక్కని గౌరవం నాకు ఇక్కడ దక్కుతోందన్న బాధ మాత్రం పోలేదు. వాళ్లలో కొందరి చేతిలో నాకంటే మంచి ఆట ఉండేది.

ఈ మధ్య గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న ఒక తండ్రి, సాధన అయ్యాక నన్ను పక్కకు పిలిచి, "మావాడు ఈ ఆటలో పైకొస్తాడంటారా సార్? చదువు తగ్గించమంటారా?" అని అడిగారు. పైన రాసిన లెక్కలన్నీ ఆయనకు చెప్పాను. విజయవాడలో పుట్టిన సాకేత్ మైనేని అమెరికాలోని అలబామా విశ్వవిద్యాలయంలో చదువుకుంటూనే ఆడి, 2014 ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచిన సంగతీ చెప్పి, ఆ దారిని మనసులో పెట్టుకోమన్నాను. భార్యాభర్తలిద్దరూ మాట్లాడుకుని, స్కూలు చదువు పూర్తయ్యేదాకా రెండూ సాగనిద్దామని నిర్ణయించారు. అక్టోబరులో బయటి కోర్టులు మూసేస్తారు కాబట్టి, ఈ చలికాలమంతా హాల్లో ఆ పిల్లవాడి రెండో సర్వీసు (మొదటిది తప్పితే వేసేది) మీద పనిచేయబోతున్నాం.