నూర్చే ఎద్దు మూతికి చిక్కం

చదువుకునే రోజుల్లో మన హాస్టల్లో సగం మంది నర్సంపేట, పరకాల, మహబూబాబాద్ వైపు వ్యవసాయం ఇళ్ల నుంచి వచ్చినవాళ్లమే. అందుకే స్క్రిప్చర్ (బైబిలు పాఠం) పీరియడ్‌లో సారు బైబిల్లోని ద్వితీయోపదేశకాండం 25వ అధ్యాయం తెరిచి, కళ్లం తొక్కే ఎద్దు మూతికి చిక్కం వేయకూడదన్న ఆజ్ఞ చదివినప్పుడు, చిక్కం అంటే మేయకుండా మూతికి కట్టే వల బుట్ట అని ఆయన చెప్పాల్సిన పని పడలేదు. "పత్తిల గుంటుక కొట్టేటప్పుడు కడతం సార్, లేకుంటే చెట్టుచెట్టుకు మూతి పెడ్తది" అన్నాడు వెనక బెంచీ నుంచి ఒకడు. "మరి ఎడ్లను బంతి కట్టి కళ్లం తొక్కించేటప్పుడో?" అన్నారు సారు. అక్కడ క్లాసు రెండుగా చీలింది. మా తాత విప్పుతడని కొందరు, విప్పితే వడ్లు మిగులుతయా అని కొందరు. బెల్లు కొట్టేదాకా అదే లొల్లి. సారు ఆపలేదు. చివరికి ఒక్క మాటే అన్నారు: "దాని కాళ్ల కింద రాలిన గింజల దాని కూలి కూడా ఉంటది బిడ్డా."

పశువుల డాక్టరుగా పనిచేస్తూ ఇన్నేళ్లయినా, సృష్టి సంరక్షణ అనే మాట వినగానే నాకు ముందు గుర్తొచ్చేది ఆ కూలే. బైబిలు మనిషికి జంతువుల మీద పెత్తనం రాసిచ్చింది కదా అని తోటివాళ్లు అడుగుతుంటారు. ఆదికాండం మొదటి అధ్యాయంలో ఏలమన్న మాట ఉన్నది నిజమే. కానీ ఆ మాట తర్వాత రెండు వచనాలు దాటకముందే, పచ్చని మొక్కలను అడవి జంతువులకూ పక్షులకూ ఆహారంగా ఇచ్చానని దేవుడే చెబుతాడు. నేలమీది జంతువులనూ మనిషినీ చేసింది ఒకే రోజు, ఆరో రోజు. రెండో అధ్యాయానికి వస్తే మనిషికి అప్పగించింది తోట పని: సేద్యం చేయాలి, కాపాడాలి. ఏలేవాడి పళ్లెం నిండి, పశువు తొట్టి ఎండిపోతే దాన్ని ఆ అధ్యాయం చెప్పిన ఏలుబడి అంటే నేను ఒప్పుకోను.

సారు చూపించిన వచనాలు చాలావరకు ఇలా పనికీ తిండికీ ముడిపడినవే. విశ్రాంతి దినాన ఎద్దుకూ గాడిదకూ సెలవు. పగవాడి గాడిద బరువు కింద పడి ఉంటే పోయి లేపాలి. గూట్లో పిల్లలతో ఉన్న తల్లిపిట్టను పట్టుకోకూడదు. యోనా గ్రంథం చివరి వచనం నాకు మరీ ఇష్టం. నీనెవె పట్టణం మీద ఎందుకు జాలిపడ్డాడో చెబుతూ దేవుడు 1,20,000కు పైగా ఉన్న మనుషుల లెక్క చెప్పి, అంతటితో ఊరుకోడు, పశువులు కూడా చాలా ఉన్నాయి కదా అంటాడు. పుస్తకం అక్కడితో అయిపోతుంది.

గొర్లు కాసే ఇంటి నుంచి వచ్చిన మన క్లాసు అబ్బాయి ఒకసారి నిలదీశాడు: "మరి బైబిల్ల బలులున్నయి, క్రిస్మస్‌కు యాటను కోస్తరు, గదేంది సార్?" సారు తప్పించుకోలేదు. జలప్రళయం తర్వాత మాంసం తినడానికి అనుమతి ఇచ్చిన వచనం, ఆదికాండం 9:3, వాడితోనే చదివించారు. అదే అధ్యాయంలో కాస్త కిందికి పోయి, దేవుడు నిబంధన, అంటే ఒడంబడిక, చేసింది నోవహు ఇంటివాళ్లతోనే కాక ఓడలోంచి దిగిన ప్రతి ప్రాణితోనూ అన్నది కూడా చదివించారు. రెండూ ఒక్క పేజీలోనే ఉన్నాయి, ఒకటి చదివి ఇంకోటి వదిలేయొద్దు అన్నారు.

కొత్త నిబంధనలో పత్రికలు రాసిన పౌలు సంగతి నేను తర్వాత నాకు నేనే తేల్చుకున్నాను. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఆయన ఈ చిక్కం ఆజ్ఞనే సువార్త పనివాళ్ల జీవనానికి వర్తింపజేస్తూ, దేవుడు ఎడ్ల కోసం విచారిస్తున్నాడా అని అడుగుతాడు. దాన్ని పట్టుకుని పశువుల గోల దేవుడికెందుకు అనేవాళ్లను చూశాను. నాకలా అనిపించదు. ఎద్దుకే కూలి ఎగ్గొట్టకూడదంటే మనిషికి అసలే ఎగ్గొట్టకూడదని కదా అక్కడి వాదన. ఎద్దుకు కూలి లేదంటే ఆ వాదనకే కాళ్లుండవు.

హార్వెస్టర్లు వచ్చాక బంతి కట్టేవాళ్లు కనబడటం లేదు. ఇప్పుడు నా దగ్గరికి తెచ్చేది కడుపుబ్బి మేత మానేసిన ఆవులను. ఎడమ డొక్క కోసి మొదటి పొట్టలో చెయ్యి పెడితే క్యారీ బ్యాగులు, తాళ్లు, ప్లేటు ముక్కలు మేతతో పాటు పెనవేసుకుని ముద్దగా తగులుతాయి. ఒక్కో పోగు లాగుతుంటే పులిసిన కంపు. ముడి కూడా విప్పని కవర్లో పెండ్లి భోజనాల అన్నం అట్లాగే ఉండటం చూశాను. ఆవు మనలా ఏరుకుని తినలేదు, వాసనకు వచ్చి కవరుతో సహా మింగేస్తుంది.

అన్నీ ఇంత సూటిగా ఉండవు. పాకాల అడవి అంచున మక్కజొన్న వేసిన రైతు అడవిపందుల బాధకు చేను చుట్టూ కరెంటు తీగ పెడతానంటాడు. ఏడో ఏట భూమిని బీడు పెట్టి, పేదలు తినగా మిగిలింది అడవి జంతువులకు వదలమంటుంది నిర్గమకాండం. కౌలుకు చేసేవాడికి ఆ ఏడో ఏడు ఎక్కడిది? అతన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. కానీ ఆ తీగకు పందీ దుప్పీ తేడా తెలియదు, రాత్రిపూట నీళ్లు పెట్టడానికి పోయే పక్క చేను మనిషి కూడా తెలియదు. అందుకే తీగ వద్దని గట్టిగా చెప్పి, అటవీశాఖకు పరిహారం దరఖాస్తు నేనే దగ్గర కూర్చుని రాసిస్తాను.

మన పాత విద్యార్థుల సమ్మేళనం కమిటీకి ఒక విన్నపం. భోజనాలకు థర్మకోల్ ప్లేట్లు, ప్లాస్టిక్ గ్లాసులు తేవద్దు. మోదుగాకు విస్తర్లు కుట్టే ఆడవాళ్లు మా మండలంలో ఉన్నారు, ఆర్డరు నేను చెబుతాను. ఎంతమంది వస్తున్నారో వారం ముందు లెక్క చెబితే చాలు.