టర్బో పోలేదు, గొట్టం చిరిగింది

మూడు వారాల టెన్షన్ ఈరోజు తీరింది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న డీజిల్ కారు విజయనగరం ఊళ్లో బాగానే తిరిగేది. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కేసరికి మాత్రం ఊపిరి ఆగినట్టు అయిపోయేది. సెకండ్ గేర్‌లో కూడా లాగదు, వెనక నల్లటి పొగ. పక్క సీట్లో అమ్మ భయపడుతుంటే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

ఒక షాపులో బండి ఎక్కి చూడకుండానే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బో పోయిందని, నలభై వేలు అవుతుందని చెప్పేశారు. మనసు ఒప్పక సాలూరులో లారీలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ముందు నన్నే నడపమని పక్కన కూర్చున్నారు. "పొగ నల్లగా వస్తోందంటే డీజిల్ అందుతోంది బాబూ, గాలే చాలడం లేదు" అన్నారు. ఎయిర్ ఫిల్టర్ బాగానే ఉంది. టర్బో నుంచి, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కి వెళ్లే రబ్బరు గొట్టం అడుగున చేత్తో తడిమితే ఆయిల్ జిడ్డు తగిలింది. విప్పి వంచితే వేలెడంత చీలిక! బండి ఆగి ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు (ఐడిల్‌లో) అది మూసుకునే ఉంటుంది. టర్బో గాలి ఒత్తిడి పెరిగినప్పుడే తెరుచుకుంటుంది. ఇంజిన్‌కి చేరాల్సిన గాలి దారిలోనే పోతుంటే డీజిల్ సరిగ్గా మండక పొగ అవుతుంది. అందుకే ఊళ్లో నెమ్మదిగా తిరిగినన్నాళ్లూ తెలియలేదు.

కొత్త గొట్టం, రెండు క్లాంపులు వేశారు. పాత బండి కొనేవాళ్లు దయచేసి ఒక్కసారి ఘాట్ ఎక్కించి చూడండి. సాయంత్రం అమ్మని ఎక్కించుకుని మళ్లీ అదే ఘాట్‌కి వెళ్లాను. థర్డ్ గేర్‌లో ఎక్కేసింది.