ప్రతిసారీ ‘ఎస్‌ఎస్‌ఎస్‌ఎస్’ పడుతోందా? రిడ్రెస్ నంబర్ తీసుకోండి

అమెరికా విమానానికి ఆన్‌లైన్ చెక్‌ఇన్ అవ్వదు. కియోస్క్‌లో పాస్‌పోర్ట్ పెడితే కౌంటర్‌కి వెళ్లమంటుంది. అక్కడివాళ్లు స్క్రీన్ చూసి ఎవరికో ఫోన్ చేస్తారు, మిమ్మల్ని పక్కన నిలబెడతారు. చివరికి చేతికొచ్చిన బోర్డింగ్ పాస్ మీద నాలుగు ఎస్‌లు ఉంటాయి, అంటే మిమ్మల్ని అదనపు తనిఖీకి ఎంచారని గుర్తు. ఒక్కసారైతే పట్టించుకోనక్కర్లేదు, ఆ అదనపు తనిఖీకి కొందరిని ఊరికే కూడా ఎంచుతారు. వరసగా ప్రతి ప్రయాణంలోనూ ఇదే జరుగుతుంటే మాత్రం నిఘా జాబితాలోని ఇంకెవరి పేరుతోనో మీ పేరు కలుస్తోందేమో చూసుకోవాలి.

2004లో సెనేటర్ ఎడ్వర్డ్ కెనడీకే ఈ తిప్పలు తప్పలేదు. జాబితాలో ఎవరో ‘టి. కెనడీ’ అనే మారుపేరు వాడారట, అంతే. ఆ సంగతి ఆయనే సెనేట్ కమిటీ ముందు చెప్పారు. దీన్నుంచి బయటపడటానికి సెనేటర్‌కే వారాలు పట్టినప్పుడు మామూలు మనిషి గతేమిటి!

అప్పట్లో పేర్లు పోల్చే పని ఎయిర్‌లైన్స్‌దే. సౌండెక్స్ లాంటి పాత పద్ధతిలో ఎలా ఉంటుందో చూడండి: ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో మొదటి అక్షరం ఉంచి, అచ్చులూ హెచ్, వై తీసేసి, ఎమ్, ఎన్‌లకు 5, డీ, టీలకు 3 వేస్తారు; జంట అక్షరాలకు ఒకే అంకె, ఖాళీ మిగిలితే సున్నా. మహమ్మద్, మహమూద్, మాంటీ ముగ్గురికీ వచ్చేది ఎమ్530. మనుషులు వేరు, కోడ్ ఒకటే.

2009లో మొదలై 2010 చివరికల్లా ‘సెక్యూర్ ఫ్లైట్’ అనే పద్ధతి వచ్చి ఈ పని అమెరికా రవాణా భద్రతా సంస్థ టీఎస్‌ఏ చేతికి వెళ్లింది. ఇప్పుడు పూర్తి పేరుతో పాటు పుట్టినతేదీ, జెండర్ కూడా పోలుస్తారు. ఈ వివరాలు ప్రయాణానికి 72 గంటల ముందు నుంచే వెళ్తాయి. అందుకే టికెట్‌లో పుట్టినతేదీ తప్పు పడితే, మిమ్మల్ని వేరుచేసి చూపే ఆధారమే పోతుంది.

మన పేర్లతో చిక్కు ఇక్కడే. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట ఒక్క పొడి అక్షరంగా ఉంటుంది. హైదరాబాద్‌లో మహమ్మద్ అని ఒక కాగితంలో, ఎండీ అని మరో కాగితంలో రాస్తారు. పాస్‌పోర్ట్‌లో ఒకే పేరు ఉంటే అమెరికా వీసా మీద అది ఇంటిపేరు గడిలోకి వెళ్లి, సొంత పేరు గడిలో ‘ఎఫ్‌ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) పడుతుంది. అలాంటివాళ్లు బుక్ చేసేముందే ఎయిర్‌లైన్‌ని అడిగి, అన్ని విమానాలకూ పేరు ఒకేలా రాయించుకోవాలి. మిగతావాళ్లు సర్టిఫికెట్లు పక్కనపెట్టి పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే రాయాలి. బోర్డింగ్ పాస్‌పై పేర్లు అతుక్కుపోయినా, చివర తెగినా కంగారుపడొద్దు. పోల్చేది దాన్ని కాదు, బుకింగ్‌లో ఇచ్చిన వివరాలను.

అసలు మందు రిడ్రెస్ నంబర్, అంటే ఇలాంటి ఇబ్బంది మీద ఫిర్యాదు చేసినవాళ్లకు ఇచ్చే గుర్తింపు నంబర్. దానికోసం అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ (డీహెచ్‌ఎస్) 2007లో మొదలుపెట్టిన డీహెచ్‌ఎస్ ట్రిప్ అనే ఆన్‌లైన్ దరఖాస్తు నింపాలి. ఏ తేదీన, ఏ విమానాశ్రయంలో, ఏ విమానానికి ఏం జరిగిందో రాసి, పాస్‌పోర్ట్ ఫొటో పేజీ స్కాన్ జతచేయాలి. ‘చాలాసార్లు ఆపారు’ అని పొడిగా వదిలేయకుండా, గుర్తున్న ప్రతి సంఘటననూ తేదీతో రాయండి. ఫీజు లేదు. దరఖాస్తు చేసేవాళ్లలో అత్యధికులకు జాబితాతో ఏ సంబంధమూ ఉండదని ఆ శాఖే చెబుతుంది.

నంబర్ వచ్చాక చాలామంది చేసే తప్పొకటుంది: దాన్ని దాచుకుని ఊరుకుంటారు. ప్రతి బుకింగ్‌లోనూ అది పడాలి, లేకపోతే లేనట్టే. పక్కనే ఉండే ‘నోన్ ట్రావెలర్’ గడిలో వేసినా దండగే. ఏజెంట్ చేత టికెట్ తీయిస్తే, నంబర్‌ని ‘డీఓసీఓ’లో, పుట్టినతేదీని ‘డీఓసీఎస్’లో ఎక్కించమని చెప్పండి, వాళ్లకు అర్థమవుతుంది. ముందే తీసిన టికెట్లలో అది దానంతటదే చేరదు, ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి చేర్పించాలి.

దీనితో యాదృచ్ఛిక తనిఖీలు ఆగవు. వీసాని 221(జీ) కింద పెండింగ్‌లో పెడితే అయ్యే ఆలస్యానికీ దీనికీ సంబంధం లేదు. కానీ అమెరికాలో దిగాక ఇమిగ్రేషన్‌లో ప్రతిసారీ లోపలి గదికి పంపుతుంటే, ఆ ఫిర్యాదు కూడా ఇదే దరఖాస్తులో రాయొచ్చు. కెనడాకి ఈ నంబర్ పనికిరాదు. అక్కడ పసిపిల్లల పేర్లు కూడా జాబితాతో కలిసి తల్లిదండ్రులు ఏళ్ల తరబడి పోరాడాక, 2020లో కెనడియన్ ట్రావెల్ నంబర్ అని వేరేగా పెట్టారు. టొరంటో మీదుగా వెళ్తూ అక్కడా ఇదే ఇబ్బంది పడేవాళ్లు దానికి విడిగా దరఖాస్తు చేసుకోవాలి.