కార్డులో బ్యాటరీ పెట్టినందుకు

నిన్న రాత్రే సింగపూర్ నుంచి వచ్చి పడ్డాం. బట్టలింకా తడపలేదు, కోపమూ ఆరలేదు. ఈ వేడి మీదే రాసేస్తున్నా.

డిగ్రీ నాటి స్నేహితురాళ్లం నలుగురం. ఒకామెకి యాభై నిండుతున్నాయని ఐదు రోజుల ప్రయాణం పెట్టుకున్నాం. నేను చేత్తో గ్రీటింగ్ కార్డులు చేస్తాను. కాగితం పట్టీలు చుట్టి బొమ్మలు చేసే క్విల్లింగు, తెరిస్తే బొమ్మ లేచి నిలబడే పాప్-అప్, ఏదైనా సరే. నేను చేసిన కార్డుని పదేళ్లుగా ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకున్న ఇళ్లున్నాయి, గొప్పలనుకుంటే అనుకోండి. రోజుకో మంచి భోజనం, భోజనానికో కార్డు అని లెక్క వేసి ఐదు చేశాను.

వీసా సంగతి రెండు ముక్కల్లో చెప్తా. టూరిస్టులుగా మనంతట మనం పెట్టుకోవడానికి లేదు. అధీకృత ఏజెంటు ద్వారా వెళ్లాలి, లేదా అక్కడ ఉన్నవాళ్లు పెట్టాలి. అసలు ఫీజు 30 సింగపూర్ డాలర్లు. దాని మీద ఏజెంటు ఎంత వేసుకుంటాడో ముందే తేల్చుకోండి. మావాడు నా చేత మూడుసార్లు ఫొటో తీయించాడు. మొదటిదానికీ మూడోదానికీ తేడా ఏమిటో నాకు ఇప్పటికీ తెలీదు. దిగే ముందే, దిగే రోజుతో కలిపి మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు, అంటే మన రాక వివరాల ఫారం, నింపాలి. అది ఉచితం. డబ్బులడిగే సైటు కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు, మూసేయండి.

ఇక అసలు కథ. ఐదో కార్డు, పుట్టినరోజుది, సన్నజాజి పందిరి. తెరిస్తే పందిరి నిటారుగా లేస్తుంది. మూడు మిల్లీమీటర్ల కాగితం పట్టీలు చుట్టి ఒక్కో మొగ్గా చేశాను. మూడు మొగ్గల వెనక బుల్లి ఎల్ఈడీలు. మూలనున్న ఆకు నొక్కితే వెలుగుతాయి. కాగితం పొరల మధ్య రాగి టేపు, దాని కొసన రూపాయి బిళ్లంత బటన్ సెల్లు. మూడు వోల్టులు, అంతే. పదకొండు రాత్రులు కూర్చున్నాను దాని మీద. పెద్ద సూట్‌కేసులో పెడితే నలిగిపోతుందని చేతి సంచిలో పెట్టుకున్నా.

వెళ్లేటప్పుడు ఇక్కడి ఎయిర్‌పోర్టు సెక్యూరిటీ దగ్గర ముగ్గురూ దాటేశారు. నా ట్రే మాత్రం పక్కకి జరిగింది. యూనిఫాంలో ఉన్న అమ్మాయి, మా పెద్దమ్మాయి వయసుంటుంది, ముందు నా పౌచ్ తీసింది. అందులో పేపర్ కటరు, 200 మి.లీ. జిగురు సీసా. అవి నా తప్పే, ఒప్పుకుంటా. కటరు చెక్-ఇన్ సామానులో పెట్టాల్సింది, జిగురు 100 మి.లీ. దాటకూడదు. రెండూ డబ్బాలో పడ్డాయి. తర్వాత కవరు తీసి పైకెత్తి, "యే క్యా హై?" అంది.

నా హిందీ కూరగాయల బేరానికి తప్ప దేనికీ పనికిరాదు. "కార్డ్... బత్తీ... బర్త్‌డే..." అన్నాను. తెర మీద దానికి వైర్లు కనిపిస్తున్నాయి, బ్యాటరీ కనిపిస్తోంది. ఇంకో ఆయన వచ్చాడు. ఆయన ఇంకొకాయన్ని పిలిచాడు. కంగారులో తెలుగులో "ఇది పేలేది కాదు బాబూ" అనేశాను. వెనక్కొచ్చిన స్నేహితురాలు నా మోచెయ్యి గిచ్చింది చూడండి, మచ్చ ఇంకా ఉంది. లైన్లో అందరూ నన్నే చూస్తున్నారు. ఒకాయన పిల్లాణ్ని దగ్గరికి లాక్కున్నాడు కూడా. యాభై ఏళ్లొచ్చి, చెప్పులు విప్పి, చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"ఖోలో" అంది. పుట్టినరోజు మనిషి నా భుజం మీంచి తొంగి చూస్తోంది. "నువ్వెళ్లవే" అన్నాను. వెళ్తుందా! కవరు చించారు. పందిరి లేచింది. నేనే వణుకుతున్న వేలితో ఆకు నొక్కాను. మూడు మొగ్గలూ వెలిగాయి. పైన "యాభై నిండిన మా సన్నజాజికి" అని రాసుంది. ఆ అమ్మాయి నవ్వింది కూడా. నవ్వి, సెల్లు తీసెయ్యమంది! ఫోన్లో బ్యాటరీ లేదా? పవర్ బ్యాంకు చేతి సామానులోనే పెట్టమని వీళ్లే కదా చెప్తారు? అడగలేదు. వాళ్లతో వాదిస్తే విమానం మనకోసం ఆగదు. పట్టకారు పెట్టి టేపు ఆవిడే పీకింది. నా ముందు, నా పనిని.

కాబట్టి చేతిపని వాళ్లు లైట్ల కార్డయితే సెల్లు విడిగా, విప్పని ప్యాకెట్లో చేతి సామానులోనే తీసుకెళ్లండి. అక్కడికెళ్లి అతికించుకోండి. కవరు అంటించకండి.

సింగపూర్ బాగుంది. లావ్ పా సాట్ అనే పాత తిండి మార్కెట్టు పక్క వీధిలో సాయంత్రం రోడ్డు మూసేసి సాటే, అంటే పుల్లలకి గుచ్చిన మాంసం ముక్కలు, కాలుస్తారు, పొగలో కూర్చుని తిన్నాం. పుస్తకాలు, బొమ్మల సామాను అమ్మే బ్రాస్ బసా కాంప్లెక్స్‌లో కాగితాలు చూసి నాకు మతి పోయింది, నా పర్సూ పోయింది. అసలు పుట్టినరోజు శనివారం పడింది, మాలో ఇద్దరు ఆ రోజు నీసు ముట్టరు. అందుకని పొద్దున సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ గుడి, మధ్యాహ్నం అదే రోడ్డులో 1947 నుంచీ ఉన్న శాకాహార హోటలు కోమల విలాస్. ముందు రోజు రాత్రే ముస్తఫా సెంటర్ అనే పెద్ద దుకాణంలో సెల్లు కొని, హోటల్ బాత్రూములో తలుపేసుకుని అతికించాను.

పాయసం వచ్చాక కార్డిచ్చాను. "అబ్బ! ఇదేంటే! ఎప్పుడు చేశావే!" అని ఎంత నటించిందంటే, సాంబారు వడ్డించే ఆయన బకెట్టుతో సహా ఆగిపోయాడు. ఆకు నొక్కింది. రెండు మొగ్గలే వెలిగాయి. మూడోదాని దగ్గర, పట్టకారు పెట్టిన చోట, టేపు పావంగుళం లేచిపోయింది.

అదిప్పుడు నా బల్ల మీదుంది. బాగుచేసి ఉంచు, ఆదివారం వచ్చి పట్టుకెళ్తానంది. టేపుంది గానీ, కొయ్యడానికి కటరు లేదు.