లేడికి లేచిందే పరుగు, జ్వరం నుంచి లేచినవాళ్లకు కాదు

జనవరి మూడో ఆదివారం ముంబయి మారథాన్. పదహారు వారాల ప్లాన్ పట్టుకున్న హైదరాబాద్ రన్నర్ సెప్టెంబరు చివర్లో మొదలుపెడతాడు. మన ఊళ్లలో దోమలు కూడా సరిగ్గా అప్పుడే జోరు మీద ఉంటాయి. అక్టోబరు నడుమ డెంగీ తగిలిందంటే వారం జ్వరం, ఆపైన రెండు వారాల నీరసం. మళ్లీ షూ లేసులు కట్టేసరికి నవంబరు వచ్చేస్తుంది, చేతిలో పదకొండు వారాలు మిగులుతాయి.

ఫ్రిజ్ మీద అంటించిన ప్లాన్ మాత్రం ఏమీ ఎరగనట్టు అలాగే ఉంటుంది. ఈ ఆదివారం 24 కిలోమీటర్లు అంటుంది. నెక్లెస్ రోడ్డు మీద రెండో కిలోమీటరుకే ఆయాసం. నాలుగైదు సార్లు ఇలా జరిగాక తెల్లవారుజామున అలారం మోగితే చెయ్యి దానంతట అదే వెళ్లి ఆపేస్తుంది. దీన్నే మనం మోటివేషన్ పోయిందంటాం. రోజూ తప్పే పరీక్షకు ఎవరికి మాత్రం కూర్చోబుద్ధవుతుంది? పాస్ కాగలిగే ప్రశ్నపత్రం ఒకటి కొత్తగా రాసుకుంటే అలారానికి మళ్లీ విలువ వస్తుంది. స్ఫూర్తి వీడియోలు ఎన్ని చూసినా జరగని పని అది.

ముందు నష్టం ఎంతో చూద్దాం, ఎందుకంటే మనం ఊహించుకునేది ఎప్పుడూ అసలు కన్నా పెద్దదే. పరుగు ఆపేస్తే మొదట తగ్గేది రక్తంలోని నీటి భాగం, అంటే ప్లాస్మా. కొన్ని రోజుల్లోనే తగ్గిపోతుంది. ఒక్కో కొట్టుకు గుండె పంపే రక్తం తగ్గుతుంది కాబట్టి, పాత వేగానికే గుండె నిమిషానికి 10, 15 సార్లు ఎక్కువ కొట్టుకుంటుంది. మూడు వారాల విరామంలో ఆక్సిజన్ వాడుకునే శక్తి సుమారు 5 నుంచి 7 శాతం పడిపోతుంది, మంచం పట్టించిన జ్వరమైతే ఇంకాస్త ఎక్కువ. ఏళ్ల తరబడి కట్టుకున్న కేశనాళికలు, కండరాల ఓర్పు అంత తొందరగా పోవు. పైగా మొదట పోయిన ప్లాస్మాయే మొదట తిరిగొస్తుంది, ఒకటి రెండు వారాల తేలికపాటి పరుగు చాలు. అంటే మొదటి పది రోజులు ఎంత ఘోరంగా అనిపించినా, ఆ పది రోజుల్ని బట్టి సీజన్ మీద తీర్పు చెప్పకూడదు.

ఇక ఎప్పుడు మొదలుపెట్టాలి అన్నది. మామూలు జలుబుకు రన్నర్లు మెడను గీతగా పెట్టుకుంటారు: ముక్కు కారడం, గొంతు గరగర లాంటివి మెడకు పైనే ఉంటే నెమ్మదిగా పరుగెత్తొచ్చు, జ్వరం, ఒళ్లు నొప్పులు, ఛాతీలో దగ్గు ఉంటే మానేయాలి. డెంగీకి ఈ గీత పనికిరాదు. అందులో జ్వరం దిగే రోజులే, అంటే మూడో రోజు నుంచి ఏడో రోజు దాకా, అసలు ప్రమాదకరమైనవి. జ్వరం పూర్తిగా పోయాక కనీసం రెండు వారాలు పరుగు ఊసెత్తకపోవడం మేలు. ప్లేట్‌లెట్లు లక్షన్నర దాటాయి కదా అని కొందరు మర్నాడే బయల్దేరతారు. ఆ సంఖ్య రక్తస్రావం ముప్పు గురించి చెబుతుందే కానీ కాళ్లలో సత్తువ గురించి కాదు. ప్లేట్‌లెట్లు వారంలో పెరుగుతాయి, నీరసం వారాల తరబడి ఉంటుంది. ఒళ్లు నొప్పులకు ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ ఈ జ్వరంలో ముట్టుకోకూడదు. డాక్టర్ చెప్పిన మోతాదులో పారాసిటమాల్ ఒక్కటే.

చేతి గడియారం విషయంలో ఓ మెలిక ఉంది. సాధారణంగా పొద్దున్నే నిద్ర లేవగానే చూసే గుండె వేగం మామూలు కన్నా 5, 7 ఎక్కువ ఉంటే ఆ రోజు తగ్గించుకోమని నియమం. డెంగీ నుంచి కోలుకునే దశలో మాత్రం గుండె వేగం మామూలు కన్నా పడిపోవడం తరచూ కనిపిస్తుంది. 58 ఉండేవాళ్లకు 48 చూపిస్తుంది. ఫిట్‌నెస్ పెరిగిందని మురిసిపోవద్దు. ఆ రెండు మూడు వారాలు గడియారాన్ని పక్కనపెట్టి నడక పరీక్ష పెట్టుకోండి: 30 నిమిషాలు చకచకా నడవండి, మర్నాడు పొద్దున ఎప్పటిలాగే లేవగలిగారా, మధ్యాహ్నం మంచం ఎక్కాలనిపించిందా చూడండి. వరసగా రెండుసార్లు పాసైతే పరుగు మొదలు. మెట్లెక్కితే ఛాతీలో నొప్పి, గుండె దడ, కళ్లు బైర్లు కమ్మడం ఉంటే ఇక ప్లాన్ల సంగతి వదిలేసి డాక్టర్ దగ్గరికి వెళ్లి ఈసీజీ తీయించుకోవాలి. వైరల్ జ్వరాలు అరుదుగా గుండె కండరాన్ని వాపుకు గురిచేస్తాయి. అదే తేలితే మూడు నుంచి ఆరు నెలల విశ్రాంతి, బేరం లేదు.

అడ్డంకి లేకపోతే, జ్వరానికి ముందు వారానికి 40 కిలోమీటర్లు పరుగెత్తేవాళ్లకు పదకొండు వారాలు ఇలా ఉండొచ్చు. మొదటి వారం మూడు రోజులే: నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, పదిసార్లు. రెండో వారం మూడు నిమిషాల పరుగు, నిమిషం నడక, ఎనిమిదిసార్లు. ఈ రెండు వారాలూ కిలోమీటర్లు రాసుకోవద్దు, నిమిషాలే రాసుకోండి. గడియారం తెర మీంచి పేస్‌ని, అంటే కిలోమీటరుకు ఎన్ని నిమిషాలన్న లెక్కని, తీసేయండి. వేగం ఎంతుండాలంటే, ఫోన్‌లో అమ్మతో మాట్లాడుతుంటే పరుగెత్తుతున్నారని ఆవిడకు అనుమానం రాకూడదు. మూడో వారం 30 నిమిషాల చొప్పున మూడు పరుగులు, ఆదివారం 8 కిలోమీటర్లు. అక్కడి నుంచి వారం మొత్తం 22, 28, తర్వాత ఊపిరి పీల్చుకోవడానికి 24, మళ్లీ 34, 38, 42. వాటిలో ఆదివారం లాంగ్ రన్, అంటే వారంలో అన్నిటికన్నా పొడుగు పరుగు, వరసగా 11, 14, 12, 18, 22, 26. పదో వారం మొత్తం 30, లాంగ్ రన్ 16. పదకొండో వారం రేసు. ఇంటర్వల్స్, టెంపోల లాంటి వేగం పరుగులు ఏడో వారం దాకా వద్దు. ఆ తర్వాత కూడా వారానికి ఒక్కటి, అదీ రేసు వేగంలో 20 నిమిషాలకు మించకుండా.

వారానికి పది శాతమే పెంచాలన్న సూత్రం ఇందులో కనిపించదు. వారానికి 10 కిలోమీటర్లు పరుగెత్తేవాడికి అది మరీ చాదస్తం, 80 పరుగెత్తేవాడికి మరీ ధైర్యం. జ్వరానికి ముందున్న స్థాయికి తిరిగి వెళ్లడంలో కొంచెం చొరవ తీసుకోవచ్చు, దాన్ని దాటేటప్పుడే భయభక్తులు కావాలి.

నాలుగో వారం దాటినా కాళ్లు సీసం పోసినట్టే ఉంటే, తప్పు మనసుదని తిట్టుకోకముందు రక్తం చూపించుకోండి. పరుగు మీద విరక్తి అనుకున్నది కొన్నిసార్లు ఇనుము లోపం కావచ్చు. హిమోగ్లోబిన్ మగవాళ్లకు 13, ఆడవాళ్లకు 12 కన్నా తగ్గితే రక్తహీనత. దానికంటే ముందే ఖాళీ అయ్యేది నిల్వ, అంటే ఫెరిటిన్. 30 లోపు ఉంటే పరుగెత్తేవాళ్లు పట్టించుకోవాలి. అయితే జ్వరం లాంటి వాటితో ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఉన్నప్పుడు ఫెరిటిన్ దానంతట అదే పెరుగుతుంది, జ్వరంలో తీసిన రిపోర్టులో 200 కనిపించినా నమ్మడానికి లేదు. జ్వరం పోయిన నాలుగు వారాల తర్వాత, సీఆర్‌పీతో (ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఉందో లేదో చెప్పే రక్తపరీక్ష) కలిపి చూపించుకుంటే అసలు సంగతి తేలుతుంది. శాకాహారులైతే బీ12 కూడా.

డాక్టర్ ఇనుము మాత్ర రాస్తే దాన్ని మింగే తీరులోనే సగం వైద్యం ఉంది. టిఫిన్ కాగానే కాఫీ, దాంతోపాటే మాత్ర అంటే డబ్బులు దండగ. కాఫీ, టీలకు మాత్రకు గంటకు తక్కువ కాకుండా ఎడం ఉండాలి. పాలు, కాల్షియం మాత్రలు కూడా దూరం. ఖాళీ కడుపున నిమ్మరసంతో బాగా ఒంటపడుతుంది. కడుపులో తిప్పితే రోజు విడిచి రోజు వేసుకోవచ్చేమో అడగండి, అలా వేసుకున్నప్పుడు ఒక్కో మాత్ర నుంచి ఒంటికి పట్టే ఇనుము ఎక్కువ. పరుగు అయిన మూడు నుంచి ఆరు గంటల మధ్య పేగు ఇనుమును సరిగా లోపలికి రానివ్వదు, అందుకే పొద్దున్నే వేసుకోవడం మంచిది. బీట్‌రూట్, ఖర్జూరం, రాగిజావ ఆహారంగా మంచివే. కానీ లోపాన్ని పూడ్చేంత సరుకు వాటిలో లేదు. రాగుల్లో ఇనుముతో పాటు దాన్ని అడ్డగించే ఫైటేట్లు కూడా ఉన్నాయి. ఫలితం కాళ్లలో తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, నిల్వ నిండడానికి మూడు నెలలు. ఈ లెక్క ముందే తెలిసినవాళ్లు రెండో వారంలో మాత్ర మానేయరు.

రెండో దెబ్బ నాలుగు, ఆరు వారాల మధ్య పొంచి ఉంటుంది. గుండె, ఊపిరితిత్తులు త్వరగా దారికొస్తాయి, ఎముకలు, స్నాయువులు నెమ్మది. ఒంట్లో బాగుందని ఉత్సాహపడి పెంచేసిన చోట పిక్క ఎముక లోపలి అంచు నొప్పెడుతుంది. వేలితో అంచు వెంబడి నొక్కి చూడండి. అయిదు సెంటీమీటర్లకు తక్కువ కాకుండా పరుచుకుని ఉండి, పరుగెత్తేకొద్దీ తగ్గితే షిన్ స్ప్లింట్స్. దూరం సగానికి తగ్గించి, గట్టి రోడ్డు వదిలి మట్టి బాటకు మారితే సర్దుకుంటుంది. రూపాయి బిళ్లంత చోటే పొడిచినట్టుండి, ఒంటికాలి మీద గెంతితే గుచ్చుకుని, రాత్రి కూడా సలుపుతుంటే స్ట్రెస్ ఫ్రాక్చర్‌ని అనుమానించాలి. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు కదా అని వదిలేయొద్దు. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో అది కనబడకపోవచ్చు, ఎంఆర్‌ఐలో కనబడుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలు పరుగు బంద్. గజ్జల్లో లోతుగా నొప్పి వస్తే మరీ జాగ్రత్త, తుంటి దగ్గర తొడ ఎముక మెడ విరిగితే ఆపరేషన్ దాకా పోతుంది.

మిగతా నొప్పులకు పదికి మార్కులు వేసుకోవడం మంచి పద్ధతి. మూడు దాకా అయితే పరుగు కొనసాగించొచ్చు, కానీ మర్నాటి పొద్దుటికి పాత స్థితికి రావాలి. రాలేదంటే నిన్న చేసింది ఎక్కువైంది. నడక తీరు మారినా, కుంటినా, మార్కులతో పనిలేదు, ఆగిపోవడమే.

పరుగు బంద్ అయిన వారాల్లోనే మనిషి జారిపోతాడు. అప్పుడు కాపాడుకోవాల్సింది అయిదింటికి లేచే అలవాటు. అదే టైముకు లేచి, అవే బట్టలు వేసుకుని, డాక్టర్ ఒప్పుకున్న పని చేయండి: ఈతకొలనులో నడుముకు బెల్టు కట్టుకుని కాళ్లు అడుగుకు తగలకుండా పరుగు, లేదా సైకిల్. 40 నిమిషాల ఈజీ రన్‌కు బదులు నీళ్లలో 40 నిమిషాలు, అంతే లెక్క. గుండె వేగం నీళ్లలో 10, 15 తక్కువే చూపిస్తుంది, కంగారు పడొద్దు. గ్రూపుతో పరుగెత్తేవాళ్లు ఆదివారం వాళ్ల లాంగ్ రన్‌కు నీళ్లు, అరటిపళ్లు పట్టుకుని నిలబడితే గ్రూపు తెగదు. అందరి పరుగులూ చూపించే స్ట్రావా యాప్‌ను మాత్రం ఆ రోజుల్లో మ్యూట్ చేయడమే మేలు. పక్కవాడి 32 కిలోమీటర్లు చూసి ఎముక అతుక్కోదు.

ఇలాంటప్పుడు అందరూ చెప్పే పేరు అమెరికా రన్నర్ జోన్ బెనాయిట్. 1984లో ఒలింపిక్ సెలక్షన్ మారథాన్‌కు 17 రోజుల ముందు ఆమె మోకాలికి ఆర్థ్రోస్కోపీ, అంటే సన్నని గొట్టం కెమెరాతో చేసే ఆపరేషన్, జరిగింది. సెలక్షన్‌లో గెలిచింది. ఆ ఆగస్టులో లాస్ ఏంజెలెస్‌లో, ఆడవాళ్లకు ఒలింపిక్స్‌లో పెట్టిన మొట్టమొదటి మారథాన్‌ను 2 గంటల 24 నిమిషాల 52 సెకన్లలో గెలిచింది. ఈ కథ విని నొప్పిని లెక్కచేయకుండా పరుగెత్తాలని అర్థం చేసుకునేవాళ్లే ఎక్కువ. ఆమె చేసింది వేరు. పరుగెత్తలేని రోజుల్లో చేతులతో సైకిల్ తొక్కి గుండెను పనిలో ఉంచింది. పైగా అప్పటికే మారథాన్‌లో ప్రపంచ రికార్డు ఆమెది. ఆ పునాది మీద 17 రోజులు చిన్న గంటు. రెండేళ్ల కిందట పరుగు మొదలుపెట్టిన మనకు అది కొలత కాదు.

నిర్ణయానికి ఒక తేదీ పెట్టుకోండి, ఇప్పుడే, బాగున్నప్పుడే. క్రిస్మస్ తర్వాతి ఆదివారానికి లాంగ్ రన్ 22 చేరకపోతే ఫుల్ (42 కిలోమీటర్ల మారథాన్) వద్దు. దూరం మార్చుకునే వీలుందో లేదో, ఆఖరి తేదీ ఎప్పుడో నిర్వాహకుల నియమాల్లో చూసుకోండి. లేకపోతే బిబ్ (ఛాతీకి తగిలించుకునే రేసు నంబరు) డబ్బు పోయిందనుకోండి, ఫిబ్రవరిలోనో మార్చిలోనో దగ్గర్లో ఏదో ఒక హాఫ్ (21 కిలోమీటర్ల రేసు) ఉండనే ఉంటుంది. 26 దాకా వెళ్లగలిగినవాళ్లు పాత టార్గెట్‌ను చెరిపేసి నడక కలిపిన పరుగుతో వెళ్లండి: నాలుగు నిమిషాల పరుగు, నిమిషం నడక, మొదటి కిలోమీటరు నుంచే. అలసిపోయాక మొదలుపెట్టే నడక ఇంత మేలు చేయదు. చివరి పది కిలోమీటర్లలో పెద్దర్ రోడ్ ఎత్తు వస్తుంది, అప్పటికి ఎండ కూడా ఎక్కి ఉంటుంది. దాన్ని మొత్తం నడిచే ఎక్కాలని ముందురోజు రాత్రే బిబ్ వెనక రాసిపెట్టుకోండి.