రిలీఫ్ వాల్వ్ కారుతోందా? బ్యాక్‌ఫ్లో టెస్టులో నా అనుభవం

మంచినీళ్ల మెయిన్‌లో ప్రెజర్ ఎప్పుడూ ఒకేలా ఉండదు. ఎక్కడో పైపు పగిలినా, ఫైరింజన్ ఒక్కసారిగా నీళ్లు లాగినా పడిపోతుంది. ఆ సమయానికి మందు కలిపిన డ్రమ్ములో హోస్ పైపు మునిగి ఉందంటే, డ్రమ్ములోది అందరూ తాగే లైన్లోకి ఎక్కేస్తుంది. నీళ్లు ఇలా వెనక్కి పారడమే బ్యాక్‌ఫ్లో, ఇది మొదటి రకం. బాయిలరో బూస్టర్ పంపో మెయిన్‌ని మించిన ప్రెజర్‌తో నీళ్లను వెనక్కి నెట్టడం రెండో రకం. 1933లో చికాగో ప్రపంచ ప్రదర్శన జరిగినప్పుడు అమీబిక్ విరేచనాలతో 98 మంది చనిపోయారు. హోటళ్ల ప్లంబింగ్‌లో మురుగు మంచినీళ్లలో కలవడమే కారణమని తేలింది.

అన్నిటికన్నా నమ్మకమైనది గాలి ఖాళీ. కుళాయి మూతికీ తొట్టి అంచుకీ మధ్య పైపు వ్యాసానికి రెట్టింపు, ఎంత సన్న పైపైనా కనీసం 25 మి.మీ. వదలాలి. పాడవడానికి అందులో స్ప్రింగూ లేదు, రబ్బరూ లేదు. కాకపోతే ఎవరో ఒకరు ఆ కుళాయికి హోస్ తొడుగుతారు, అంతటితో ఖాళీ పోతుంది.

రసాయనాలు వాడే లైనుకి ఆర్‌పీ (రెడ్యూస్డ్ ప్రెజర్) అసెంబ్లీ పెడతాం, అది బ్యాక్‌ఫ్లోని ఆపే పరికరం. నీళ్లను ముందుకే వదిలే రెండు చెక్ వాల్వ్‌లు, వాటి మధ్య గదికి కింద, చెక్ లీకైతే ఆ గదిలోని నీళ్లను బయటికి వదిలేసే ఒక రిలీఫ్ వాల్వ్. మామూలు ఎన్‌ఆర్‌వీ (ఒక్క చెక్ వాల్వే, నాన్ రిటర్న్ వాల్వ్) చాలదా అని అడగని వాళ్లుండరు. చాలదు. సీటు మీద ఇసుక రేణువు ఇరుక్కుని అది లీకవుతున్నా బయటికి తెలీదు, టెస్ట్ చేసే దారీ ఉండదు.

ఆర్‌పీకి నాలుగు టెస్ట్ కాక్‌లు (గేజ్ తగిలించే చిన్న కుళాయిలు) ఉంటాయి. ముందు వాటిని తెరిచి తుప్పు, మట్టి పోయేదాకా నీళ్లు వదులుతాను. లేకపోతే ఆ చెత్తంతా గేజ్‌లోకి పోతుంది. రెండు చోట్ల ప్రెజర్ తేడా చూపే ఈ గేజ్ హై హోస్ రెండో కాక్‌కి, లో హోస్ మూడో కాక్‌కి బిగించి, గాలి మొత్తం తీసేసి, దిగువ షటాఫ్ (ఆర్‌పీ తర్వాతి మూత వాల్వ్) మూస్తాను. గేజ్‌లో బుడగ మిగిలితే ఏ రీడింగూ నమ్మడానికి లేదు. తర్వాత గేజ్ మీది హై నీడిల్ వాల్వ్ తెరిచి, లో నీడిల్ పావు చుట్టు మించకుండా తిప్పుతాను. ముల్లు మెల్లగా దిగుతుంది. రిలీఫ్ మూతి కింద చెయ్యి పెట్టి ఉంచి, మొదటి చుక్క పడ్డప్పుడు అంకె చూస్తాను. 2 పీఎస్‌ఐకి (ప్రెజర్ కొలమానం) తగ్గకూడదు. ఆ తర్వాత నాలుగో కాక్ ద్వారా రెండో చెక్ వెనకవైపు ప్రెజర్ ఇస్తాను. ముల్లు కదలకుండా నిలబడాలి. చివరగా మొదటి చెక్ రీడింగ్. అది రిలీఫ్ తెరుచుకున్న అంకె కన్నా 3 పీఎస్‌ఐ ఎక్కువుంటే మంచిది. ఆ తేడా లేకపోతే మెయిన్‌లో ప్రెజర్ కాస్త ఊగినప్పుడల్లా రిలీఫ్ ఉమ్ముతుంది.

ఎక్కువ ఫిర్యాదులు కారుడు గురించే. దిగువ షటాఫ్ మూయగానే ఆగిందా, దోషం రెండో చెక్‌ది. దిగువనుంచి ప్రెజర్ వెనక్కి తన్నుతోందని కూడా అర్థం. ఆగలేదా, నాలుగో కాక్‌ను కారే నీటికి మించి పారేంతగా తెరవండి. అప్పుడు ఆగితే మొదటి చెక్ సీటులో చెత్త ఉంది. అయినా ఆగకపోతే రిలీఫ్ వాల్వ్‌నే విప్పాలి. సీటు, డయాఫ్రమ్ (రబ్బరు పొర), మెయిన్ ప్రెజర్‌ని రిలీఫ్‌కి అందించే సెన్సింగ్ దారి మూడూ చూడాలి. కొత్తగా వేసిన లైన్లో నేను ముందు అనుమానించేది పైపులో మిగిలిన టెఫ్లాన్ టేపు ముక్కనే.

కారుతోందని రిలీఫ్ మూతికి బిరడా కొట్టేవాళ్లున్నారు. ఆ నీళ్లు బయటికి పోతున్నాయంటే పరికరం పని చేస్తోందనే. మూత పెడితే అది రెండు ఎన్‌ఆర్‌వీల జతగా మిగులుతుంది. గుంటలో బిగించడమూ అంతే ప్రమాదం. గుంట నిండి మూతి మునిగితే ఆ మురికి నీళ్లే మధ్య గదిలోకి దారి చూసుకుంటాయి. నేల నుంచి 300 మి.మీ. ఎత్తున, డ్రెయిన్‌కి గాలి ఖాళీతో ఉండాలి.

పాసైన పరికరానికీ అంకెలు రాసిపెడతాను. పోయినసారి 3.4 ఉన్న రిలీఫ్ ఈసారి 2.2కి దిగితే, పాసే అయినా, రబ్బరు కిట్ మార్చమనే చెబుతాను.

ఆర్‌పీ బిగించాక గీజర్ సేఫ్టీ వాల్వ్ కొత్తగా కారడం మొదలైతే కంగారు పడొద్దు. వేడికి వ్యాకోచించిన నీళ్లు ఇదివరకు మెయిన్‌లోకి జారుకునేవి, ఇప్పుడా దారి మూసుకుంది. చల్లనీళ్ల లైన్లో, గీజర్‌కి ముందు, ఒక ఎక్స్‌పాన్షన్ ట్యాంక్ పెట్టించాలి.