ఎవరికీ దొరక్కుండా ఒక రోజు: ఎయిటీస్ టీనేజ్ కామెడీల గురించి

ఎయిటీస్‌లో వచ్చిన అమెరికన్ టీనేజ్ కామెడీలు ఈ మధ్య మళ్ళీ వరసపెట్టి చూస్తున్నా. ఈ సినిమాల మాటెత్తితే చాలు అందరూ ముందు ఆ హెయిర్‌స్టైల్స్ గురించీ, సింథసైజర్ పాటల గురించీ, బూమ్‌బాక్సుల (చేత్తో మోసుకెళ్ళే పెద్ద టేప్‌రికార్డర్లు) గురించీ చెప్తారు, అవన్నీ నాకూ ఇష్టమే. కానీ నన్ను మళ్ళీ మళ్ళీ అటు లాక్కెళ్ళేది వేరే ఉంది. ఆ సినిమాల్లో పిల్లలు గడప దాటితే ఇంక ఎక్కడున్నారో ఎవరికీ తెలీదు. మళ్ళీ ఇంటికొచ్చేదాకా ఆ టైమంతా వాళ్ళదే, అడిగేవాడు లేడు, కథలు సగం దాని మీదే నడుస్తాయి.

1986లో జాన్ హ్యూస్ తీసిన ఫెర్రిస్ బ్యూలర్స్ డే ఆఫ్ చూడండి. ఫెర్రిస్ అనే కుర్రాడు ఒంట్లో బాలేదని అమ్మానాన్నల్ని నమ్మించి స్కూల్ ఎగ్గొట్టి, ఫ్రెండ్ కామెరాన్‌నీ గర్ల్‌ఫ్రెండ్ స్లోన్‌నీ వేసుకుని షికాగో అంతా తిరిగొస్తాడు, కథ అంతే. సియర్స్ టవర్ ఎక్కుతారు, రిగ్లీ ఫీల్డ్‌లో బేస్‌బాల్ మ్యాచ్ చూస్తారు, ఊరేగింపులో దూరి పాట పాడతాడు. స్కూల్లో రూనీ అనే ఆయన వీణ్ణి ఎలాగైనా పట్టుకోవాలని బయల్దేరతాడు. ఒకచోట టీవీలో అదే మ్యాచ్ వస్తుంటుంది, ఫెర్రిస్ బంతి పట్టుకోవడం స్క్రీన్ మీద కనిపిస్తుంది, సరిగ్గా ఆ క్షణంలోనే రూనీ తల పక్కకి తిప్పుకుంటాడు. ఎన్నిసార్లు చూసినా నాకు నవ్వు ఆగదు. ఇవాళైతే ఈ కథ పది నిమిషాల్లో అయిపోతుంది, లొకేషన్ చూస్తారు, ఎవడో వీడియో తీసి పెట్టేస్తాడు, అయిపోయింది. అప్పుడు పిల్లాడు ఇంట్లో ఉన్నాడా లేదా తెలియాలంటే ల్యాండ్‌లైన్‌కి ఫోన్ చెయ్యాలి, లేదా స్వయంగా వెళ్ళి తలుపు కొట్టాలి. ఆ సందులోంచే కామెడీ అంతా పుడుతుంది.

కానీ ఆ సినిమాలో నేను ఎక్కువసేపు ఆగిపోయేది నవ్వుల దగ్గర కాదు, ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ అనే మ్యూజియంలో కామెరాన్ ఒక పెయింటింగ్ ముందు నిలబడే సీన్ దగ్గర. జార్జ్ సూరా అనే ఫ్రెంచ్ చిత్రకారుడు అంతా చుక్కలు చుక్కలుగా వేసిన పెద్ద బొమ్మ అది, నది ఒడ్డున ఆదివారం జనం. మధ్యలో తెల్ల గౌను వేసుకున్న చిన్న పాప ఉంటుంది. కెమెరా ఒకసారి కామెరాన్ మొహం దగ్గరికీ ఒకసారి ఆ పాప మొహం దగ్గరికీ వెళ్తూ ఉంటుంది, దగ్గరవుతున్నకొద్దీ పాప మొహం మాయమైపోయి ఉత్త రంగు చుక్కలే మిగుల్తాయి, ఇక్కడ కామెరాన్ కళ్ళు అలాగే నిలిచిపోయి ఉంటాయి. ఒక్క డైలాగ్ లేదు. వాళ్ళ నాన్నకి కొడుకు కన్నా గరాజ్‌లో ఉన్న ఎర్ర ఫెరారీ ఎక్కువ అని మనకి అప్పటికే తెలుసు, కాబట్టి ఆ పిల్లాడు అక్కడ ఏం చూసుకుంటున్నాడో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. స్కూల్ ఎగ్గొట్టిన కుర్రాళ్ళ కామెడీలో ఇలాంటి సీన్ పెట్టాలనిపించడమే నాకు గొప్పగా అనిపిస్తుంది.

హ్యూస్ దగ్గర ఉన్నది ఇదే అనుకుంటా. పదహారేళ్ళ వాళ్ళ బాధని చిన్నది చేసి చూపించడు. 1984లో వచ్చిన సిక్స్‌టీన్ క్యాండిల్స్‌లో మొత్తం గొడవ ఏంటంటే, అక్క పెళ్ళి హడావిడిలో పడి ఇంట్లో వాళ్ళు ఈ అమ్మాయి పదహారో పుట్టినరోజు మర్చిపోయారు. పెద్దవాళ్ళు వింటే అంతేనా అంటారు. ఆ వయసులో అది అంతేనా కాదు కదా, ఆ పిల్ల మొహంలో అది ఎంత పెద్ద విషయమో ఆ పాత్ర వేసిన మాలీ రింగ్వాల్డ్ మనకి చూపిస్తుంది.

ఇంక 1985లో వచ్చిన ద బ్రేక్‌ఫస్ట్ క్లబ్. శనివారం డిటెన్షన్ (అంటే శిక్షగా సెలవు రోజున స్కూల్లో కూర్చోబెట్టడం), ఐదుగురు స్టూడెంట్లు, ఒక లైబ్రరీ, దాదాపు సినిమా అంతా అక్కడే. ఇల్లినాయ్‌లో 1981లో మూసేసిన ఒక హైస్కూల్ బిల్డింగ్‌లో తీశారు, ఉన్న లైబ్రరీ చాలదని జిమ్‌లో కొత్తది కట్టారు. పారిపోవడానికి లేదు, చూడ్డానికి ఫోన్ లేదు, ఎదురుగా కూర్చున్న మనిషితో మాట్లాడ్డం తప్ప వేరే దారి లేదు. అందులో లంచ్ సీన్ మాత్రం ఎవరైనా రైటింగ్ నేర్చుకునేవాళ్ళు పది సార్లు చూడాలి. డబ్బున్న క్లెయిర్ సుషీ తీస్తుంది, రెజ్లింగ్ చేసే ఆండ్రూ సంచీలోంచి తిండి వస్తూనే ఉంటుంది, ఆలిసన్ శాండ్‌విచ్‌లో ఉన్న మాంసం ముక్క తీసి పైకి విసిరేసి దాని బదులు పంచదార పొడీ బ్రేక్‌ఫస్ట్ సీరియలూ వేసి కరకరలాడిస్తూ తింటుంది, బ్రయన్‌కి అమ్మ సూపూ జ్యూసూ అంచులు కోసిన శాండ్‌విచ్చూ అన్నీ సర్ది పంపింది. బెండర్ దగ్గర ఏమీ లేదు. వాడు బ్రయన్ బ్యాగ్ లాక్కుని ఒక్కోటీ బయటికి తీస్తూ ఏడిపిస్తాడు, తర్వాత బ్రయన్ వాళ్ళింట్లో ఎలా ఉంటారో నటించి చూపిస్తాడు, ఆ వెంటనే తన ఇంట్లో ఎలా ఉంటుందో చూపిస్తాడు. అక్కడ థియేటర్లో నవ్వుతున్న వాళ్ళందరి నోళ్ళూ మూతపడి ఉంటాయి. ఐదు ఇళ్ళు తెలిసిపోయాయి మనకి, ఒక్క ఇంట్లోకీ కెమెరా వెళ్ళలేదు.

చివర్లో బ్రయన్ అడుగుతాడు, సోమవారం మన పరిస్థితేంటి, అప్పుడూ ఫ్రెండ్సేనా అని. క్లెయిర్ అబద్ధం చెప్పకుండా కాదనే అంటుంది. హ్యూస్ ఆ సోమవారాన్ని చూపించలేదు, దానికి ఆయనకి చేతులెత్తి దండం పెట్టాలి. ఆయన 2009లో చనిపోయారు, ఆ పిల్లలకి సోమవారం ఏమైందో జనం ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

ఇవన్నీ ప్రేమతో చెప్తున్నా కానీ కళ్ళు మూసుకుని చూడమని చెప్పను. సిక్స్‌టీన్ క్యాండిల్స్‌లో ఆసియా నుంచి వచ్చిన కుర్రాడు కనిపించినప్పుడల్లా గంట మోగించి వాణ్ణి నవ్వులాటగా చూపించారు, అదే సినిమాలో తాగి ఒళ్ళు తెలీని అమ్మాయిని బాయ్‌ఫ్రెండే ఇంకొకడికి అప్పగించి కారులో పంపించేస్తాడు, దాన్ని జోక్ అన్నట్టే తీశారు. అది చూస్తే నాకు కోపం వస్తుంది, రావాలి కూడా. మాలీ రింగ్వాల్డే 2018లో న్యూయార్కర్ పత్రికలో రాసింది, తను నటించిన సినిమాల్లో ఇప్పుడు చూస్తే తనని ఇబ్బంది పెట్టేవి ఏంటో, అయినా వాటిని ఎందుకు వదులుకోలేకపోతోందో రెండూ చెప్పింది. అభిమానులందరూ చదవాల్సిన వ్యాసం అది. ఈ సినిమాల్లో నల్లజాతి పిల్లలు దాదాపు కనపడరు, ఆ శివారు ఊళ్ళలో అసలు వాళ్ళు లేనట్టే ఉంటుంది, అదీ గుర్తుపెట్టుకోవాలి. ఆ కాలం మొత్తం నాకు తిరిగి అక్కర్లేదు. ఆ ఖాళీ మధ్యాహ్నాలు మాత్రం ఇప్పటి పిల్లలకి కూడా దొరికితే బావుండు అనిపిస్తుంది, తప్పు చేసినా రికార్డ్ అవకుండా, ఎవరూ వెతక్కుండా ఒక్క పూట.

ఎవరైనా ఇప్పుడు కొత్తగా మొదలెడదామనుకుంటే నా మాట విని ముందు ఫెర్రిస్ చూడండి, అది సరదాగా లాక్కెళ్తుంది. తర్వాత బ్రేక్‌ఫస్ట్ క్లబ్, దానికి ఫోన్ పక్క గదిలో పెట్టి కూర్చోండి, నిజంగా చెప్తున్నా, మధ్యలో ఆపితే ఆ లైబ్రరీలో కూర్చున్న ఫీలింగ్ పోతుంది. ఆపైన 1989లో కామెరన్ క్రో తీసిన సే ఎనీథింగ్, విడిపోయిన అమ్మాయి కిటికీ బయట బూమ్‌బాక్స్ తల పైకెత్తి నిలబడ్డ కుర్రాడి సినిమా. సిక్స్‌టీన్ క్యాండిల్స్ ఆఖర్న చూడండి, ఇంట్లో టీనేజ్ పిల్లలుంటే వాళ్ళ పక్కనే కూర్చుని చూడండి, ఆ కారు సీన్ వచ్చినప్పుడు పాజ్ చేసి మాట్లాడాల్సి ఉంటుంది.